బత్తాయి తోటా, బడి పాఠాలా: ఉద్యోగం మారాలంటే ఏది మేలు?

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా నల్లగొండ వాళ్లు ముప్పై దాటితే ఊరివైపు చూడటం మొదలుపెడతారు. ఎక్కువగా వినిపించేవి రెండు: ఉన్న నాలుగెకరాల్లో బత్తాయి పెట్టడం, లేదంటే బీఈడీ చేసి టీచర్ కావడం. జీతం లెక్క ఎవరైనా వేసుకుంటారు. తృప్తి ఉంటుందా అన్నదే తేలదు. అది ఎంత తొందరగా తెలుస్తుంది, నచ్చకపోతే వెనక్కి రాగలమా అన్నది చూసుకోవడమే నాకు తెలిసిన దారి.

బత్తాయి మొక్క నాటాక కాపుకు నాలుగైదేళ్లు ఆగాలి. అప్పటిదాకా నీళ్లు, ఎరువు, కలుపు, అంతర పంట. పూత కోసం కొన్నాళ్లు నీళ్లు ఆపి చెట్టును బెట్టకు తెచ్చి మళ్లీ తడి ఇవ్వడం, కాయ కోసి లోడెత్తడం చూశాకే ఆ పని మనకు పడుతుందో లేదో తెలిసేది. తీరా మార్కెట్లో వ్యాపారి టన్నుకు ఇంత సూట్ (తరుగు) అని తీసేస్తాడు. ఆ బేరం చేతకాని మనిషికి చెట్లంటే ఎంత ప్రాణమైనా టెన్షన్ తప్పదు. కాలువ కింద పొలం సరే, బోర్లను నమ్ముకున్న చోట వరుసగా వానలు తప్పితే పెంచిన చెట్లనే నరుక్కోవాలి.

టీచర్ దారీ సులువు కాదు. బీఈడీ రెండేళ్లు, తర్వాత టెట్, ఆపైన డీఎస్సీ. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులు వేశారు, అంతకు ముందు భర్తీ దాకా వెళ్లిన టీచర్ల నోటిఫికేషన్ 2017లో వచ్చింది. ఈలోపు ప్రైవేటు బడిలో చేరితే జీతం తక్కువ, ఎండాకాలం అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాలి.

అయినా చాలామందికి ఇదే మేలంటాను. దీన్ని ఉద్యోగం వదలకుండానే చూసుకోవచ్చు. ఆదివారం ఊళ్లో పిల్లలకు లెక్కలు చెప్పండి. 612ని 6తో భాగించి 12 అని రాసే పిల్ల ఉంటుంది. మధ్యలో సున్నా ఎందుకు రావాలో ఒకసారి చెప్తే అర్థం కాదు. వందలు, పదులు విడదీసి, చింతగింజలు పంచి, మూడోసారి ఇంకోలా చెప్పాలి. అప్పుడు మీకు విసుగొస్తుందా, ఇంకో దారి వెతకాలని ఉత్సాహం వస్తుందా? రెండు మూడు నెలల్లో తేలిపోతుంది. రెగ్యులర్ బీఈడీకి హాజరు కావాలి, ఉద్యోగం చేస్తూ కుదరదు కాబట్టి ఈ పరీక్ష ముందే అయిపోవాలి.

నాన్న చేతిలో కాపు మీదున్న తోట, నమ్మకమైన నీళ్లు ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు కోతల టైంలో సెలవు పెట్టి, కోత నుంచి మార్కెట్లో బేరం తెగేదాకా నాన్న పక్కనే ఉండి చూడొచ్చు. కొత్తగా మొక్క నాటి, అదే ఏడాది రాజీనామా చేయడం మాత్రం నేను ఎవరికీ చెప్పను.