రాగ్‌బ్రాయా, బ్రెవేయా: ఏది మేలు?

పదిమందితో కలిసి పొలాల మధ్య సైకిల్ మీద చాలా దూరం పోవాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగేది ఈ రెండింటి గురించే. ఒకటి అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జులైలో వారం పాటు జరిగే సైకిల్ యాత్ర రాగ్‌బ్రాయ్. రెండోది మన హైదరాబాద్ చుట్టుపక్కల కూడా జరిగే బ్రెవే, అంటే పెట్టిన గడువులోపు ఇంత దూరమని తొక్కే సైకిల్ యాత్ర. రెండూ పోటీలు కావు.

రాగ్‌బ్రాయ్ 1973లో మొదలైంది. డెమాయిన్ రిజిస్టర్ పత్రికలో పనిచేసే జాన్ కరాస్, డొనాల్డ్ కాల్ సైకిళ్ల మీద రాష్ట్రం దాటుతూ, మీరూ రండని పాఠకుల్ని పిలిచారు. ఆ ఏడే క్లారెన్స్ పికార్డ్ అనే 83 ఏళ్ల పెద్దాయన ఆడవాళ్ల సైకిల్ మీద చివరిదాకా తొక్కాడు. ఇప్పుడు వేలమంది వస్తారు. పడమటి అంచు నుంచి మిసిసిపీ నది దాకా ఏడు రోజులు, 700 కిలోమీటర్లు అటూ ఇటూగా. దారి ఏటా మారుతుంది. సామాను లారీలో వస్తుంది, రాత్రికి ఏదో ఊళ్లో టెంటు.

అయోవా అంతా బల్లపరుపు అనుకోకండి, ఎత్తుపల్లాలు కాళ్లు లాగేస్తాయి. మనిషిని మించి పెరిగిన మొక్కజొన్న చేలు ఆవిరి వదులుతుంటే అచ్చం మన కోస్తా ఉక్కపోతే. వెనక కారొస్తే ‘కార్ బ్యాక్’ అని ఒకరు అరుస్తారు, ఆ కేక ముందున్నవాళ్ల దాకా నోటినోటా పాకుతుంది. ఊరొస్తే చర్చివాళ్లు ఇంట్లో చేసిన ‘పై’ (పిండి రొట్టెలో పళ్లు కూరి కాల్చే తీపి వంటకం) ముక్కలు అమ్ముతుంటారు. దిగి, తిని, రైతుతో వానల గురించి మాట్లాడి, మళ్లీ ఎక్కొచ్చు. ఎవరూ తరమరు.

బ్రెవేలో తరిమేది గడియారం. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. గంటకు 15 కిలోమీటర్లేగా అనిపిస్తుంది. ఇడ్లీ తినడం, పంక్చర్ వేసుకోవడం, కునుకు తీయడం అన్నీ ఆ లెక్కలోనే పోతాయి. దారిలో ఆగి హాజరు వేయించుకునే కంట్రోల్ పాయింట్ల దగ్గర తప్ప బయటి సాయం తీసుకోకూడదు. చీకటిపడితే లైట్లు, మెరిసే జాకెట్ తప్పనిసరి. ఒంటరిగా రాత్రి తొక్కగలనన్న ధైర్యం ఇక్కడ వచ్చినంతగా ఇంకెక్కడా రాదు.

పొలాలూ ఊళ్లూ చూడటమే మీకు ముఖ్యమైతే నా ఓటు రాగ్‌బ్రాయ్‌కే. నాట్లు వేస్తున్నవాళ్లు పలకరించినా, బ్రెవేలో చేయి ఊపి సాగిపోవాల్సిందే. నాకు అది పెద్ద లోటు.

అలాగని ఒక్క వారం కోసం ఇక్కడి నుంచి విమానం టికెట్ కొనమని చెప్పను. అయోవాకు దగ్గర్లోని చికాగో, మినియాపొలిస్, ఒమాహా వైపు ఉండే మనవాళ్లు మాత్రం ఒక్కసారైనా వెళ్లాలి. సెలవు దొరక్కపోతే ఒక రోజుకే పాస్ తీసుకోవచ్చు. ఇక్కడున్నవాళ్లు ముందు 200 బ్రెవే పూర్తిచేయండి. అక్కడ కలిసిన నలుగురితో సంక్రాంతి ముందు చలిలో గోదావరి కాలవ గట్ల వెంట, టైం పెట్టుకోకుండా రెండు మూడు రోజులు తిరగండి. ఆ దూరానికి కాళ్లు అప్పటికే అలవాటుపడి ఉంటాయి.