ఎండకు తట్టుకోని చర్మం: ఫోన్లో డాక్టరా, ఆసుపత్రి ఓపీనా?

అమ్మకు అరవై రెండేళ్లు. నరసరావుపేట దగ్గర మా ఊళ్లో మిరప చేలల్లోనే సగం జీవితం గడిచింది. ఎండ పడదన్న మాట ఆమె నోట ఏనాడూ వినలేదు. అలాంటిది పోయిన ఎండాకాలం ముంజేతుల మీద, మెడ వెనక దద్దుర్లు లేచి రాత్రంతా గోక్కుంటూ కూర్చునేది. ఊళ్లో మెడికల్ షాపతను ఒక ట్యూబు ఇచ్చాడు. నాలుగు రోజులు తగ్గింది, రాయడం మానగానే రెట్టింపయింది. నేనుండేది హైదరాబాద్‌లో. స్కిన్ డాక్టర్‌కి చూపించడానికి గుంటూరు తీసుకెళ్లాలంటే తమ్ముడు ఒక రోజు పని మానుకోవాలి. అందుకని ముందు వీడియో కాల్‌లో ఒక డాక్టరమ్మకు చూపించాం.

ఆవిడ దద్దుర్ల కంటే ముందు మందుల డబ్బా అడిగారు. "రోజూ వేసుకునేవన్నీ తెచ్చి కెమెరా ముందు పెట్టండమ్మా" అన్నారు. బీపీ మాత్ర పేరు చివర 'హెచ్' అని ఉంది. అంటే అందులో హైడ్రోక్లోరోథయజైడ్ కూడా కలిసి ఉందన్నమాట. ఆ మందు కొందరి చర్మాన్ని ఎండకు తట్టుకోకుండా చేస్తుందట. అమ్మకు ఆ మాత్ర మార్చింది మూడు నెలల కిందటే. ఇంట్లో ఎవరికీ ఆ రెండింటికీ ముడి ఉంటుందన్న ఆలోచనే రాలేదు. "మీ అంతట మీరు ఆపేయొద్దు, బీపీ డాక్టరుతో మాట్లాడి మార్పించుకోండి. మార్చాక నెల రోజుల్లో తగ్గకపోతే నేరుగా చూపించుకోవాల్సిందే" అని చెప్పి, దురదకు కాలమైన్ లోషన్ రాశారు.

ఇది విన్నవాళ్లు ఇక ఫోనే మేలనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, మా పిన్ని కూతురి సంగతి తెలిసేదాకా.

ఆ పిల్లకు ఇరవై నాలుగేళ్లు. ఎండలోకి వెళ్తే రెండు బుగ్గలూ ఎర్రబడేవి. ఒక యాప్‌లో ఫోటో పంపితే అయిదు నిమిషాల్లో మంగు అని తేల్చి, స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ మూడూ కలిసిన క్రీమ్ రాసేశారు. ట్రెటినాయిన్ రాస్తే చర్మం ఎండకు ఇంకా సున్నితమవుతుంది. వేళ్ల కీళ్లు నొప్పి పుడుతున్నాయా, నోట్లో పుళ్లు వస్తున్నాయా, జుట్టు ఊడుతోందా అని ఒక్కరూ అడగలేదు. ఆ పిల్లకు మూడూ ఉన్నాయి. అయిదు నెలల తర్వాత ఆసుపత్రికి వెళ్తే అక్కడ ముందు మూత్రం, ఆ తర్వాత రక్తంలో ఏఎన్‌ఏ (సొంత కణాల మీదే తిరగబడే యాంటీబాడీలను చూసే) పరీక్ష చేయించారు. లూపస్ అని తేలింది, ఒంటి రక్షణ వ్యవస్థే సొంత అవయవాల మీద దాడి చేసే జబ్బు. మూత్రంలో ప్రొటీన్ పోతోంది, అంటే జబ్బు అప్పటికే కిడ్నీ దాకా వెళ్లింది. ఆ అయిదు నెలలు తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది.

రెండూ ఫోన్ వైద్యాలే. ఒకచోట అడిగారు, ఇంకోచోట అడగలేదు. ఎండ పడకపోవడంలో అడిగి తెలుసుకునేది చాలా ఉంటుంది. ఎండలోకి వెళ్లిన కొద్ది నిమిషాలకే దద్దు లేచి గంటా రెండు గంటల్లో పోతే అది ఒక రకం. కొన్ని గంటలకో మర్నాటికో చిన్న చిన్న పొక్కులు లేచి రోజుల తరబడి ఉంటే ఇంకో రకం. ఎక్కువమందిలో కనిపించేది ఈ రెండోదే. మొటిమలకిచ్చే డాక్సీసైక్లిన్, తామరకిచ్చే గ్రిసియోఫల్విన్, కొన్ని నొప్పి మాత్రలు, గుండె లయకు వాడే అమియోడరోన్ కూడా ఎండకు చర్మాన్ని రేపేవే. ఇవన్నీ తీరిగ్గా అడిగే డాక్టరైతే గుంటూరులో కూర్చున్నా ఫోన్లో ఉన్నా ఒకటే. నిజం చెప్పాలంటే, కిక్కిరిసిన ఓపీలో రెండు నిమిషాల చూపు కంటే పదిహేను నిమిషాల వీడియో కాల్ నయం.

కెమెరాతో చిక్కు వేరే ఉంది. మన చామనఛాయ చర్మం మీద ఎరుపు సరిగా కనపడదు. పైగా ఫోన్ తనంతట తాను ముఖాన్ని నున్నగా, తెల్లగా చేసి చూపిస్తుంది. ఇంకొకటి నాకు బాగా నచ్చిన కిటుకు: నిజంగా ఎండ వల్ల వచ్చే దద్దు పైరెప్పల మీద, చెవుల వెనక, గడ్డం కింద సాధారణంగా ఉండదు. అక్కడ నీడ కదా. అక్కడ కూడా ఉంటే గాలిలో ఎగిరొచ్చినదేదో కారణం కావచ్చు. మన పొలం గట్ల మీద వయ్యారిభామ మొక్క చేసే పని అదే. దానివల్ల వచ్చిన దురదను ఎండ దురద అనుకుని ఏళ్ల తరబడి తిరిగే రైతులుంటారు. ఫోటోలు పంపేవాళ్లు ఈ మూడు చోట్లా తప్పకుండా తీయండి, ఫిల్టర్ ఆపి, పగటి వెలుతురులో.

ఇక ఫోన్లో అసలు కుదరనివి కొన్నున్నాయి. చర్మం ముక్క తీసి పరీక్షించడం, వీపు మీద అతినీలలోహిత కిరణాలు కొలిచి వేసి చూసే ఫోటోటెస్ట్, ఏ పదార్థం పడట్లేదో తేల్చే ప్యాచ్ టెస్ట్. ఆరు నెలల పిల్లాడికి కాస్త ఎండకే ముఖం కమిలిపోతున్నా, ఏడాది రెండేళ్లకే ముఖమంతా చుక్కలు వస్తున్నా, అందులోనూ తల్లిదండ్రులది మేనరికమైతే, ఫోన్ పక్కన పెట్టి పెద్దాసుపత్రికి వెళ్లండి. జిరోడెర్మా పిగ్మెంటోజమ్ అనే పుట్టుకతో వచ్చే జబ్బులో చిన్నతనంలోనే చర్మ క్యాన్సర్ రావచ్చు.

ప్రైవేటు యాప్‌కు డబ్బు పెట్టలేనివాళ్లకు ప్రభుత్వ ఫోన్ వైద్య సేవ ఈ-సంజీవని ఉంది, ఉచితం. ఊళ్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లి చేయించుకుంటే పక్కనున్న సిబ్బంది బీపీ చూస్తారు, ఫోన్ సరిగా పట్టుకుంటారు. ముసలివాళ్లకు ఇదే వీలు. అయితే అవతలున్నది స్కిన్ డాక్టరేనా అని అడిగి తెలుసుకోండి.

మన దేశంలో ఫోన్ వైద్యానికి 2020 మార్చి 25 నుంచి నియమాలున్నాయి. చీటీ మీద డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అవి లేని చీటీ పట్టుకుని మందు కొనొద్దు.

మెడికల్ షాపు ట్యూబు సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను: వద్దు. స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కట్టడి పెట్టినా కౌంటర్ మీద దొరుకుతూనే ఉన్నాయి. ముఖానికి అదే పనిగా రాస్తే చర్మం పలచబడి, మానితే మండిపోయే స్థితికి వస్తుంది.

నా లెక్క ఇది. మొదటి ప్రశ్నలకు ఫోన్ చాలు. కారణం తేలకుండా ముఖానికి స్టెరాయిడ్ మొదలుపెట్టాల్సి వస్తే మాత్రం ముందు ఒకసారి నేరుగా చూపించుకోవాలి. జ్వరం, కీళ్లనొప్పులు, నోటిపుళ్లలో ఏది తోడైనా ఆ రోజే బయల్దేరాలి. జబ్బు తేలాక నెలనెలా చూపులు మళ్లీ ఫోన్లోనే హాయి. పిన్ని కూతురు ఇప్పుడు అలాగే చేస్తోంది. రక్త, మూత్ర పరీక్షలు ఊళ్లో చేయించి కాగితాలు పంపుతుంది. లూపస్‌కు ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతోంది, అది కంటిని దెబ్బతీసే అవకాశముంది కనుక కంటి పరీక్షకు మాత్రం స్వయంగా వెళ్తుంది, దాన్ని ఫోన్లో చేసే దారి లేదు.

అమ్మకు మాత్ర మారాక అయిదో వారానికి చేతులు నున్నబడ్డాయి. ఇప్పుడు కోతలకు వెళ్లేటప్పుడు చీర మీద తమ్ముడి పాత ఫుల్‌చేతుల చొక్కా వేసుకుంటోంది.