ఓస్లో యాసా, బెర్గెన్ యాసా: నార్వేజియన్‌కి ఏది మేలు?

నార్వేకి ఉద్యోగం మీద వచ్చే మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. అధికారికంగా ఇదే సరైన ఉచ్చారణ అని అక్కడ ఏదీ లేదు, కాబట్టి ఎంపిక మనదే.

అందరికీ టెన్షన్ రాగం గురించి, అంటే మాటలో గొంతు పైకి లేచి కిందికి దిగే తీరు గురించి. రైతులన్నా బీన్స్ అన్నా ఓస్లోలో ‘బొన్నెర్’ అనే వినిపిస్తుంది, తేడా రాగంలోనే. నార్వేజియన్‌కి మూలమైన పాత నార్స్ భాషలో రైతుల మాటకు ఒకే అచ్చు ఉండేది, రెండోది తర్వాత చేరింది. బీన్స్‌కి మొదటినుంచీ రెండు. ఆ లెక్క ఇవాళ రాగంగా మిగిలింది: రైతులకు ఒకటో రాగం, బీన్స్‌కి రెండో రాగం. ఒకటో రాగం ఓస్లోలో కింద మొదలై పైకి లేస్తుంది, బెర్గెన్‌లో పైనుంచి దిగుతుంది. రెండుచోట్లా నేర్చుకోక తప్పదు, దీంతో ఏదీ తేలదు.

నా దృష్టిలో తేల్చేది ‘ర’. ఓస్లోలో అది నాలుక కొసతో పలుకుతుంది. కాలక్రమంలో పక్కనున్న హల్లుతో కలిసిపోయి దాన్ని మూర్ధన్యం (నాలుక మడిచి పలికే ట, డ, ణ లాంటి ధ్వని) చేసేసింది. ‘బార్న్’ (పిల్ల) అని రాసి ‘బాణ్’ అంటారు, ‘నోర్స్క్’ని (నార్వేజియన్) ‘నొష్క్’ అంటారు. రెండు మాటల మధ్యనా అంతే: ‘హార్ దు’ (నీ దగ్గర ఉందా) కాస్తా ‘హాడు’ అవుతుంది. ట, డ, ణ, ష మనకు పుట్టుకతో వచ్చినవే కదా! ఇంగ్లీషువాళ్లు తంటాలు పడే చోట మనకు పని సులువు.

బెర్గెన్‌లో గత రెండు శతాబ్దాల్లో ‘ర’ గొంతులోకి జారింది. గొంతు ‘ర’ పక్క హల్లు జోలికి పోదు, అందుకే అక్కడ ణ, ట పుట్టలేదు. మనకేమో ఆ గరగర ఒక పట్టాన రాదు. దానికి బదులు బెర్గెన్ ఇంకో మేలు చేస్తుంది. 1360 ప్రాంతం నుంచి 1754 దాకా అక్కడ హాన్సా అనే వర్తక కూటమికి చెందిన జర్మన్ వర్తకుల స్థావరం ఉండేది. ఆ సాంగత్యం వల్లే స్త్రీలింగం పోయి రెండు లింగాలే మిగిలాయంటారు. అమ్మాయిని చాలాచోట్ల ‘యెంతా’ అంటే వీళ్లు ‘యెంతెన్’ అంటారు. గుర్తుపెట్టుకోవాల్సింది కాస్త తక్కువ.

ట్రోన్‌హైమ్ వైపు మాటల చివరి అచ్చులే మింగేస్తారు. మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు.

నేనైతే ఓస్లోకే ఓటేస్తాను. ఉద్యోగం బెర్గెన్‌లో వచ్చినా నాలుక ‘ర’తోనే మాట్లాడండి, ఎవరూ ఏమీ అనుకోరు. వినడానికి మాత్రం ఆ గరగరకు చెవిని అలవాటు చేసుకోవాలి.