నాలుగేళ్ల ఎయిర్ ఫ్రయర్, ఆదివారం రొయ్యలు

మేం ఎయిర్ ఫ్రయర్ కొన్నది ఆరోగ్యం కోసం కాదు, మిగిలిపోయిన నూనె బాధ పడలేక. విద్యానగర్‌లో మా ఫ్లాట్ నుంచి రాంనగర్ చేపల మార్కెట్ నడిచి వెళ్లేంత దూరం. ఆదివారం వచ్చిందంటే రొయ్యలో చేపలో ఇంటికి రావాల్సిందే. వేయించడం అయ్యాక మూకుట్లో అర లీటరు నూనె మిగిలేది. అందులో పూరీ వేస్తే పూరీకి నీచు వాసన. పారబోద్దామంటే అమ్మ ఊరుకోదు. ఓ సీసాలో పోసి గ్యాస్ బండ వెనక పెట్టి, రెండు వారాలయ్యాక ఎవరూ చూడకుండా పారబోసేవాణ్ణి. 2021 దసరా ఆఫర్లలో ఏడు వేల చిల్లర పెట్టి నాలుగు లీటర్ల ఎయిర్ ఫ్రయర్ తెచ్చాను. ఈ నాలుగేళ్లలో అందులో నేను ఎక్కువగా చేసింది బ్రెడ్ పొడి అద్దిన రొయ్యలు, చేప ముక్కలే. కాబట్టి ఈ సమీక్ష వాటి వరకే. కేకులు, పనీర్ టిక్కాలు చేసేవాళ్లు వేరే ఉన్నారు.

మొదటి ఆదివారం సంగతి చెప్పాలి. రొయ్యలకు మైదా, గుడ్డు, బ్రెడ్ పొడి పట్టించి, పైన నూనె చుక్క కూడా లేకుండా లోపల పెట్టి, 200 డిగ్రీలు, పది నిమిషాలు తిప్పాను. బయటికి తీస్తే తెల్లగా, సున్నం పూసినట్టు వచ్చాయి. కొరికితే పైన పొడి పొడిగా రాలుతోంది, లోపల రొయ్య రబ్బరు. మా ఆవిడది నరసాపురం. ఒకటి నోట్లో వేసుకుని, "ఏవండీ, వీటిని మళ్లీ నూనెలో వేయిద్దామా?" అంది. అమ్మ మాత్రం ఒక్క ముక్కలో తేల్చేసింది. "నూనె లేకుండ వేపుడేందిరా, ఇది కాల్పుడు."

అమ్మ మాటే నిజమని నాకు అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది. 2010లో ఫిలిప్స్ వాళ్లు ఈ పరికరానికి ఎయిర్ ఫ్రయర్ అని పేరు పెట్టి అమ్మడం మొదలుపెట్టారు (నా దగ్గరున్నది వేరే కంపెనీది లెండి). పేరులో ఫ్రై ఉంది గానీ లోపల జరిగేది వేయించడం కాదు. పైన వేడెక్కే కాయిల్, దాని మీద ఓ ఫ్యాను, కింద చిల్లుల బుట్ట. అంతే, గాలి గట్టిగా తిరిగే చిన్న ఓవెన్. 200 డిగ్రీల ఓవెన్‌లో చెయ్యి పెట్టి చటుక్కున తీసేయగలం, 180 డిగ్రీల నూనెలో వేలు ముంచగలమా? గాలి కంటే నూనె వేడిని ఎన్నో రెట్లు వేగంగా అందిస్తుంది. పైగా ముక్కకు నాలుగు వైపులా అంటుకుని ఉంటుంది. అందుకే మూకుట్లో రెండు మూడు నిమిషాల్లో రంగు తిరిగే రొయ్య, ఇక్కడ పది నిమిషాలైనా తెల్లగానే ఉంటుంది.

చిక్కు ఇక్కడే ఉంది. బ్రెడ్ పొడి ఎర్రబడాలంటే దాని తడి అంతా ఆరిపోయి, వేడి 140 డిగ్రీలు దాటాలి. ఎయిర్ ఫ్రయర్‌లో దానికి పన్నెండు నిమిషాలైనా పడుతుంది. రొయ్య ఆరేడు నిమిషాల్లో ఉడికిపోతుంది. పైపొర కోసం ఆగితే లోపల రబ్బరు, రొయ్య కోసం తీసేస్తే పైన సున్నం. ఉష్ణోగ్రత పెంచీ తగ్గించీ నేను చేసిన ప్రయోగాలన్నీ వృథా. దారి ఒక్కటే: బ్రెడ్ పొడికి రంగు ముందే తెప్పించాలి.

ఇప్పుడు నేను చేసేది ఇదీ. పెనం మీద ఒక కప్పు బ్రెడ్ పొడికి ఒక టేబుల్ స్పూన్ నూనె వేసి, సన్నని మంట మీద కలుపుతూనే ఉంటాను. పొడి మొదట ముద్దముద్దగా అవుతుంది, తర్వాత విడిపోతుంది, ఆ తర్వాత గరిటె కింద ఇసుకలా గరగరమంటుంది. ఉస్మానియా బిస్కెట్ పైభాగం రంగు రాగానే వేరే పళ్లెంలోకి తీసేస్తాను. పెనం మీదే వదిలేస్తే ఆ వేడికే మాడిపోతుంది. చల్లారాక దాన్నే రొయ్యలకు అద్దుతాను. రంగూ కరకరా రెండూ ముందే వచ్చేశాయి కాబట్టి మెషీన్ చేయాల్సింది రొయ్యను ఉడికించడమే. 190 డిగ్రీలు, ఏడు నిమిషాలు, నాలుగో నిమిషంలో ఒకసారి తిప్పడం. అర లీటరు నూనె పని టేబుల్ స్పూనుతో అయిపోయింది. నూనె లేకుండా చేయొచ్చని డబ్బా మీద రాసింది మాత్రం నమ్మకండి.

బ్రెడ్ పొడి ఏదైతే బాగుంటుందని నన్ను చాలామంది అడిగారు. జపాన్ వాళ్ల పాంకో అన్నిటికంటే మేలు, అందులో సందేహం లేదు. రేకులు రేకులుగా, గరుకుగా ఉంటుంది, మధ్యలో గాలి ఆడుతుంది. కానీ సూపర్ మార్కెట్లో దాని ధర చూస్తే రొయ్యల మీద కోరిక చచ్చిపోతుంది. నిన్నటి బ్రెడ్డు అంచులు కోసేసి, తురుముకుని, అరపూట ఆరబెడితే దాదాపు అంతే బాగుంటుంది. మిక్సీలో వేస్తే మాత్రం మెత్తని పిండి అయిపోతుంది, ఆ పిండి గట్టి పెంకులా కడుతుంది. బేకరీ రస్కులు దంచి చూశాను. వాటిలో చక్కెర ఉంటుంది కదా, ఐదు నిమిషాలకే నల్లబడ్డాయి, తీపి వేరే. బొంబాయి రవ్వ పచ్చిగా అద్దితే పళ్ల కింద ఇసుక. పల్చటి అటుకులు వేయించి చేత్తో నలిపి అద్దితే ఎవరూ ఊహించనంత బాగా వచ్చింది, మా ఆవిడ ఓటు ఇప్పటికీ దానికే.

రెండో శత్రువు తడి. మార్కెట్లో పొట్టు తీయించి, వీపు మీది నల్ల నరం తీయించి తెస్తాను. తోక మాత్రం ఉంచమని చెప్పాలి, లేకపోతే ఊడబెరికేస్తారు. ఇంటికొచ్చి కడిగాక పాత నూలు గుడ్డలో పరిచి చుట్టి నొక్కుతాను. ఉప్పు, నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచితే మళ్లీ నీరు ఊరుతుంది. ఆ నీటిని కూడా తుడిచేయాలి. నేను మొదట్లో ఈ రెండో తుడవడం ఎగ్గొట్టేవాణ్ణి, పైపొర మొత్తం చొక్కా విప్పినట్టు ఊడి చేతికొచ్చేది. అల్లం వెల్లుల్లి ముద్ద దట్టంగా పట్టించే అలవాటు మనది. దాన్ని గుడ్డలో పిండి రసం మాత్రం వాడుతున్నాను, ముద్దలో తడి ఎక్కువ. కారం బ్రెడ్ పొడిలో కలపకండి, మాడి చేదెక్కుతుంది. గుడ్డు సొనలో కలిపితే ఘాటు లోపలే ఉంటుంది.

అద్దేటప్పుడు ఒక చెయ్యి పిండికి, ఒక చెయ్యి గుడ్డుకు. రెండు చేతులూ కలిపారంటే వేళ్లకే బజ్జీలు తయారవుతాయి. కార్న్ ఫ్లోర్, గుడ్డు, బ్రెడ్ పొడి, ఈ వరసలో వెళ్లి, చివర్లో అరచేత్తో గట్టిగా అదమాలి. ఇది కుదురుగా కనిపించడానికి కాదు. వదులుగా ఉన్న పొడిని ఫ్యాను ఎగరేసి పైన కాయిల్‌కు కొడుతుంది, వంటిల్లంతా కమురు కంపు. ఒకసారి ముచ్చటపడి నాలుగు కరివేపాకు రెబ్బలు కూడా వేశాను. అవి కాయిల్‌లో ఇరుక్కుని పొగలొచ్చి, పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొట్టారు. అద్దిన రొయ్యలను ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే పొర కుదురుకుంటుంది. ఈలోగా మెషీన్‌ను మూడు నిమిషాలు ఖాళీగా వేడి చేసుకోవచ్చు.

రొయ్య ఉడికిందో లేదో దాని ఒంపే చెబుతుంది. వదులుగా వంగి కొక్కెంలా ఉంటే సరిగ్గా ఉన్నట్టు, తల తోకా కలిసి ఉంగరంలా చుట్టుకుందంటే ఆలస్యమైనట్టే. చేప ముక్కకు లోపల 63 డిగ్రీలు రావాలంటారు. నేను థర్మామీటర్ కొనలేదు, ఫోర్కుతో గుచ్చి తిప్పితే పొరలుగా విడిపోతే చాలు. రెండు సెంటీమీటర్ల మందం ముక్కకు 180 డిగ్రీల దగ్గర పదీ పన్నెండు నిమిషాలు పడుతోంది.

చేపల్లో పండుగప్ప ముళ్లు తీయించి తెస్తే దీనికి అతికినట్టు సరిపోతుంది. వంజరం కూడా బాగుంటుంది గానీ ఆ ధరకు బ్రెడ్ పొడి కింద దాచేయడం నాకు ఇష్టం లేదు, దాన్ని పెనం మీదే వేయించుకోవాలి. కానాగంతలకైతే బ్రెడ్డూ అక్కర్లేదు నూనే అక్కర్లేదు, వాటి కొవ్వులో అవే కాలతాయి. కాకపోతే ఆ వాసన రెండు రోజులు పోదు. సోమవారం పిల్లల టిఫిన్‌కు బ్రెడ్డు కాల్చి పెడితే డబ్బా తెరవగానే క్లాసంతా చేపలట. ఫ్రీజర్‌లో దొరికే బాసా ఫిల్లెట్లు నీళ్ల మూటలు. రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనిచ్చి, బాగా పిండితే తప్ప పనికిరావు.

ప్యాకెట్లో దొరికే బ్రెడ్ అద్దిన రొయ్యలు, ఫిష్ ఫింగర్లు మాత్రం దీంట్లో అదరగొడతాయి, కరిగించకుండా నేరుగా ఫ్రీజర్ నుంచి వేయాలి. నూనె వేయకుండానే ఎర్రగా ఎలా వచ్చాయా అని నేనూ మురిసిపోయాను. ప్యాకెట్ వెనక చదివితే తెలిసింది, ఫ్యాక్టరీలోనే ఒక దఫా నూనెలో వేయించి పంపుతున్నారని. మన నూనె మిగిలింది, వాళ్లది మనం తిన్నాం.

ఇక చేయకూడనివి. జారుగా ఉండే శనగపిండి పూత దీంట్లో పెట్టకండి. పిండి చిల్లుల్లోంచి కారి కింద అట్టు పోసుకుంటుంది. అపోలో ఫిష్ కూడా రెండుసార్లు ప్రయత్నించాను. కొర్రమీను ముక్కలు కరకరలాడుతూనే వచ్చాయి, కానీ పెరుగు, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపులో వేసి రెండు టాసులు వేసేసరికి పూత మెత్తబడిపోయింది. నూనెలో వేగిన పొర ఆ తడిని కాస్త ఓర్చుకుంటుంది, ఇది ఓర్చుకోదు. మృగశిర కార్తె నాడు రాంనగర్‌లో కాలు పెట్టే సందు కూడా ఉండదు. అంత తోసుకుని తెచ్చిన కొర్రమీనును ఇలా చేస్తే అమ్మ ఆ పూట మాట్లాడలేదు. అప్పటి నుంచి కార్తె రోజు మూకుడే.

మెషీన్ మీద నా అసలు ఫిర్యాదు చోటు గురించి. ఒకదానికొకటి తగలకుండా పేర్చాలి, లేకపోతే తగిలినచోట మెత్తగా మిగులుతుంది. నాలుగు లీటర్లని గొప్పగా రాశారు గానీ పెద్ద రొయ్యలు పన్నెండు పడితే గొప్ప. ఐదుగురికి మూడు వాయిలు. మూడో వాయి వచ్చేసరికి మొదటిది చల్లారుతుంది, పిల్లలు తినేస్తే అసలు ఉండదు. అన్నీ అయ్యాక కలిపి 160 దగ్గర రెండు నిమిషాలు పెడితే మళ్లీ వేడి పుంజుకుంటాయి, ఈసారికి పేర్చకపోయినా ఫర్వాలేదు. నలుగురి కంటే ఎక్కువ ఉంటే ఆరు లీటర్లకు తక్కువ కొనకండి.

నాది 1,500 వాట్లు. గీజర్‌కు పెట్టే పెద్ద ప్లగ్గు వచ్చింది, 16 యాంపియర్లది. వంటింట్లో ఆ సాకెట్ ఉందో లేదో కొనేముందే చూసుకోండి, మేం ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాం. కరెంటు ఖర్చు భయపడేంత ఉండదు, మూడు వాయిలకూ కలిపి యూనిట్ లోపే. కానీ మే నెలలో ఓ సాయంత్రం గాలివాన మొదలై, రొయ్యలు లోపల మూడో నిమిషంలో ఉండగా కరెంటు పోయింది. పవర్ ప్లగ్గుకు కూడా ఇన్వర్టర్ లైను కలిపి ఉందని అప్పుడే తెలిసింది, అది కుయ్ కుయ్ మని ఇల్లంతా చీకటి చేసేసింది. టార్చి వెలుతురులో సగం ఉడికిన రొయ్యలను పెనం మీదికి మార్చాను. ఆ రోజువే అన్నిటికంటే బాగున్నాయని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

మూడో ఏట బుట్ట మీది నల్ల పూత లేవడం మొదలైంది. తప్పు కొంత నాదే, అంటుకున్న గుడ్డు సొన వదల్లేదని స్టీలు పీచుతో రుద్దాను. డబ్బా స్ప్రే నూనెలు కూడా జిగురులా పేరుకుంటాయి, బ్రష్‌తో రాసుకోవడమే మేలు. కొత్త బుట్ట కావాలని సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే మూడు వారాలు తిప్పి, మెషీన్ ధరలో దాదాపు సగం చెప్పారు. కొనక తప్పలేదు. ఇప్పుడు వేడి నీళ్లలో అరగంట నానబెట్టి, మెత్తని స్పాంజితోనే తోముతున్నాను. కాయిల్‌ను చల్లారాక తిరగేసి తడిగుడ్డతో తుడవాలి. ఎవరూ తుడవరు, అందుకే అందరి ఎయిర్ ఫ్రయర్లూ పొగలొస్తాయి.

ఐదుకు మూడున్నర ఇస్తాను. తగ్గిన ఒకటిన్నరలో ఒకటి చోటుకు, అర బుట్ట ధరకు. ఆ మూడున్నరలోనూ అర మార్కు రొయ్యలకు సంబంధం లేని పనికి. హోటల్ నుంచి తెచ్చుకున్న అపోలో ఫిష్ పార్సిల్ ఇంటికొచ్చేసరికి తడిసి మెత్తబడి ఉంటుంది కదా, 160 దగ్గర నాలుగు నిమిషాలు పెడితే మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. కరివేపాకు ఏరేసి పెట్టాలి. అప్పుడు తలుపు కొట్టిన ఆ పక్క ఫ్లాట్ వాళ్లు ఇప్పుడు తమ పార్సిల్ పట్టుకుని మళ్లీ అదే తలుపు కొడుతున్నారు.