శిథిలాల్లోకి పంపిన రోబో: రెండు రోజుల పరీక్ష తర్వాత

కూలిన భవనాల్లో మనుషుల్ని వెతికే పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. ఒక పరిశోధకురాలు తన ల్యాబ్‌లో తయారు చేసిన రోబోని మా శిక్షణ మైదానానికి తెచ్చి, రెండు రోజులు మా చేతికే వదిలేశారు. తనంతట తానే దారి చూసుకుంటూ లోపలికి వెళ్లి వెతకడం దాని పని. ఇంకా అమ్మకానికి రాలేదు, నమూనా మాత్రమే.

ఆవిడ వివరాలు చెప్పబోతుంటే ఆపి, నేను ముందు ఒకటే అడిగాను. సిగ్నల్ పోతే ఇది ఏం చేస్తుంది?

అలా అడగడానికి కారణం ఉంది. ఫుకుషిమా అణు కేంద్రంలోకి జపాన్ వాళ్లు పంపిన క్విన్స్ అనే రోబోకి, మందపాటి కాంక్రీటు గోడల్లో రేడియో అందదని వెనకాల కేబుల్ కట్టారు. 2011 అక్టోబరులో ఆ కేబుల్ దెబ్బతిని, రోబో రియాక్టర్ భవనంలోనే చిక్కుకుపోయింది. రేడియో పెడితే సిగ్నల్ అందదు, కేబుల్ కడితే ఎక్కడో పట్టుకుంటుంది. ఈ రంగంలో అసలు ముడి ఇక్కడే ఉంది.

ఈ రోబోకి కేబుల్ లేదు. రెండో స్లాబ్ కిందికి దూరగానే టాబ్లెట్‌లో బొమ్మ ఆగిపోయింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు... మా వాళ్లకి టెన్షన్ మొదలైంది. ఆరో నిమిషంలో అది వచ్చిన దారినే వెనక్కి, సిగ్నల్ అందే చోటి వరకు వచ్చి, అప్పటిదాకా గీసుకున్న మ్యాప్ మొత్తం పంపింది. మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. మూడుసార్లు కావాలనే సిగ్నల్ తెంపి చూశాం. మూడుసార్లూ అలాగే వచ్చింది.

ఆ మ్యాప్ గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి. దగ్గరగా చూసిన చోటు ఆకుపచ్చ, దూరం నుంచి చూసిన చోటు పసుపు, అసలు చూడలేనిది బూడిద రంగు. నాకు కావలసింది ఆ బూడిద రంగే. 2021 సెప్టెంబరులో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా పెట్టిన భూగర్భ రోబోల పోటీ ఫైనల్లో గెలిచిన సెర్బెరస్ జట్టు రోబోలు కూడా, దాచిపెట్టిన 40 వస్తువుల్లో 23 మాత్రమే పట్టాయి. అంత మేటి జట్టుకే అన్నీ దొరకనప్పుడు, ‘ఇక్కడ ఎవరూ లేరు’ అని చెప్పే రోబో కంటే ‘ఇక్కడ నేను చూడలేదు’ అని చెప్పే రోబోనే నేను నమ్ముతాను. ఆ బూడిద మచ్చ దగ్గరికి కుక్కని పంపొచ్చు, మేమే వెళ్లొచ్చు.

లోపల మనుషులకి బదులు మూడు బొమ్మలు పెట్టి, వాటి ఒంటికి వేడి ప్యాడ్‌లు చుట్టాం. రెండింటిని పట్టింది. మూడోది రేకు వెనక ఉండటంతో వేడిని బట్టి చూసే థర్మల్ కెమెరాకి అందలేదు. ఎండకి కాగిన కాంక్రీటు ముక్కని ఒకసారి మనిషి అనుకుంది కానీ, తనే తేల్చేయకుండా ఫొటో పంపి ‘చూడండి’ అని అడిగింది. ఆ పద్ధతి బాగుంది. అయితే ఆ ఫొటోలు చూడటానికి ఒకరు, రోబో ఎక్కడుందో గమనించడానికి ఇంకొకరు ఉండాల్సిందే. 2001లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ శిథిలాల్లో రోబోలతో పనిచేసిన రాబిన్ మర్ఫీ, ఒక రోబోకి ఇద్దరు మనుషులు కావాలని ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. మొదటిరోజు నేను ఒక్కణ్ణే కూర్చున్నాను. రెండో బొమ్మ ఫొటో వచ్చి నాలుగు నిమిషాలైనా చూసుకోలేదు.

ఇక నాకు కోపం తెప్పించిన విషయం. శిథిలాల మీద పొడవుగా ఒక్క విజిల్ వేస్తే అందరూ పని ఆపి, ఊపిరి బిగబట్టి వినాలి. కింద నుంచి తట్టిన చప్పుడో, మూలుగో వినపడేది అప్పుడే. మేం విజిల్ వేశాం, అందరం ఆగాం. రోబో మాత్రం గరగరమంటూ రాళ్ల మీద పాకుతూనే ఉంది. అసలు ఘటనలో ఆ ఒక్క నిమిషం పోతే ఒక మనిషి పోయినట్టే. ఆపే బటన్ టాబ్లెట్‌లో మూడో మెనూలో ఉంది, గ్లవ్స్‌తో నొక్కితే పడదు. సిగ్నల్ లేని చోట అసలు ఏ బటనూ పనిచేయదు. కాబట్టి విజిల్‌ని అది తన మైకుతో విని తానే ఆగాలి.

చిన్నవి ఇంకా ఉన్నాయి. కెమెరా అద్దం మీద బురద పడితే తుడుచుకునే ఏర్పాటు లేదు. బయటికి పొడుచుకొచ్చిన రాడ్డుకి తగిలి, రోబో పాకడానికి చక్రాల చుట్టూ ఉండే పట్టా (ట్రాక్) ఎడమవైపుది ఒకసారి ఊడింది, ఎక్కించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. బ్యాటరీ గంటకి కాస్త అటూ ఇటూ వచ్చింది, మార్చడం మాత్రం తేలిక.

శిక్షణకైతే ఇప్పుడే తీసుకోమంటాను. అసలు ఘటనకి ఈ రూపంలో తీసుకెళ్లను. రెండో రోజు సాయంత్రం ఆ పరిశోధకురాలు మా టీమ్ లీడర్‌ని పక్కకి తీసుకెళ్లి మూడు విజిల్ సంకేతాలూ ఊదించుకున్నారు. ఆగమనే పొడవు విజిల్, ఖాళీ చేయమనే మూడు పొట్టి విజిళ్లు, మళ్లీ మొదలుపెట్టమనే ఒక పొడవు, ఒక పొట్టి. ముందు దగ్గర నుంచి, తర్వాత స్లాబ్ అవతల నుంచి, చివరికి జనరేటర్ ఆన్ చేయించి మరీ రికార్డు చేసుకున్నారు. ఆ మార్పుతో రోబో మళ్లీ వస్తే మొదటి విజిల్ నేనే వేస్తానని చెప్పాను.