రంజాన్ నెలలో కైరో: నాన్నతో ఏడు రోజులు

మా విమానం కైరోలో దిగేసరికి సాయంత్రం నాలుగున్నర. రంజాన్ నెలలో ఆ ఊళ్ళో దిగడానికి అంతకంటే చెడ్డ సమయం ఉండదని నాకు అప్పటికి తెలియదు. 2025లో అక్కడ ఉపవాసాలు మార్చి 1న మొదలయ్యాయి. మేం వెళ్ళింది ఆ నెల మధ్యలో, అప్పుడు సూర్యాస్తమయం ఆరు గంటల ప్రాంతంలో అవుతుంది. ఆఫీసులు ముందే వదిలేస్తారు. ఇఫ్తార్ వేళకు ఇంట్లో ఉండాలని ఊరంతా ఒకేసారి రోడ్డెక్కుతుంది. కారు మాట్లాడిపెట్టిన ఏజెన్సీ ఈ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ కారు కూడా నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నాన్నకి డెబ్బై ఏళ్ళు, షుగర్ ఉంది. వేళకి తినకపోతే నాకు టెన్షన్.

అక్టోబర్ 6 వంతెన మీద ఇరుక్కుపోయాం. అజాన్ వినిపించగానే కుర్రాళ్ళు కార్ల మధ్య పరుగెత్తుతూ కిటికీల్లోంచి ఖర్జూరాల పొట్లాలు, రసం సంచులు అందించడం మొదలుపెట్టారు. డబ్బులు తీసుకోరు. పొద్దుటి నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టని మా డ్రైవర్ తన చేతికొచ్చిన సంచిని ముందు నాన్నకి ఇచ్చి, ఇంకోటి అందాకే తను తాగాడు. ఆ రసం చింతపండుది. అక్కడ దాన్ని తమర్ హిందీ అంటారు. అంటే భారతదేశపు ఖర్జూరం. నాన్న ఒక గుక్క తాగి, "బెల్లం ఒక్కటే తక్కువ, పానకమే" అన్నారు. పదిహేను నిమిషాల్లో రోడ్డు ఖాళీ అయిపోయింది. అంత పెద్ద ఊళ్ళో ఒక్క హారన్ లేదు.

మొదటి రెండు రాత్రులు గీజాలో, పిరమిడ్ల గేటుకి దగ్గరగా ఉన్నాం. మేడ మీద టిఫిన్ తింటుంటే ఎదురుగా పిరమిడ్లు కనిపిస్తాయి. ఉదయం ఎనిమిదికే లోపలికి వెళ్తే ఎండ ఉండదు, జనం తక్కువ. రంజాన్‌లో అన్నీ ముందే మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్ళక తప్పదు కూడా. కానీ మధ్యాహ్నం తర్వాత అక్కడ ఏమీ తోచదు. పాత కైరోకి రావాలంటే మళ్ళీ అదే ట్రాఫిక్. రంజాన్ చూడాలనుకునేవాళ్ళు గీజాలో ఒక్క రాత్రి ఉంటే చాలు.

మూడో రోజు కైరో నడిబొడ్డున తలాత్ హర్బ్ కూడలి దగ్గర పాతకాలపు మేడలో ఉన్న చిన్న హోటల్‌కి మారాం. లిఫ్టు ముసలిది, గదులు మామూలివి, రాత్రి మూడు దాకా కింద వీధిలో సందడి. నిద్ర తేలిగ్గా పట్టనివాళ్ళకి కష్టమే. అయినా నేను దానికే ఓటేస్తాను. పొద్దున తహ్రీర్ కూడలిలోని ఈజిప్టు మ్యూజియంకి నడిచి వెళ్ళొచ్చు. ప్రాచీన ఈజిప్టు రాజు టూటన్‌ఖామున్ బంగారు ముసుగు అప్పటికింకా అక్కడే ఉంది. తొమ్మిదికే వెళ్ళండి. మేం పదకొండుకి వెళ్ళి, సగం గదులు చూడకుండానే బయటికి రావాల్సి వచ్చింది. మెట్రో మంచి సౌకర్యం. 2025లో మేం వెళ్ళినప్పుడు తొమ్మిది స్టేషన్ల లోపు ప్రయాణానికి 8 ఈజిప్టు పౌండ్లు, అప్పటి లెక్కన మన డబ్బుల్లో పద్నాలుగు రూపాయలు కూడా కాదు.

తిండి గురించి అందరూ భయపెట్టారు. అన్నం, పప్పులు, పాస్తా కలిపి చేసే కొషరీ అమ్మే చిన్న దుకాణాలు పగలు మూసే ఉంటాయి. పెద్ద హోటళ్ళలో, పర్యాటకులు వెళ్ళే చోట్ల భోజనం దొరుకుతుంది. మనం తింటే ఎవరూ ఏమీ అనలేదు. అయినా దాహంతో పని చేసుకుంటున్నవాళ్ళ ముందు వీధిలో నీళ్ళ సీసా ఎత్తడానికి నాకు మనసొప్పలేదు. నాన్నకి బిస్కెట్లు, అరటిపళ్ళు సంచిలో పెట్టుకుని ఏదో ఒక మూలన కూర్చోబెట్టి తినిపించేదాన్ని. శాకాహారులకి ఒక మాట చెప్పాలి. ఆ ఏడాది కాప్టిక్ క్రైస్తవుల ఉపవాసాలు కూడా అదే నెలలో పడ్డాయి. ఆ రోజుల్లో వాళ్ళు మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. ఆ భోజనాన్ని సియామీ అంటారు. ఆ మాట అడిగితే చాలు, ఇక వివరించే పని లేదు.

రాత్రి ఎనిమిది దాటాక అసలు కైరో లేస్తుంది. చార్మినార్ దగ్గర రంజాన్ రాత్రులు చూసినదాన్నే, కానీ ఇక్కడ ఊరంతా అలా ఉంది. పాత కైరోలోని అల్ ముయిజ్ వీధి పొడవునా ఫానూస్ దీపాలు, చంటిపిల్లలతో కుటుంబాలు. వేడి పెనం మీద చిన్న చిన్న అట్లు పోసి ఒక వైపే కాల్చి అమ్ముతారు. వాటిలో బాదం లాంటి పప్పులు పెట్టి మడిచి, నూనెలో వేయించి పాకంలో ముంచితే ఖతాయెఫ్. కరకరలాడే అంచు మన కజ్జికాయ లాంటిదే. నాన్న రెండు తిన్నారు, నేను చూడనట్టే ఊరుకున్నాను.

ఇఫ్తార్ వేళకి యాప్‌లో కారు పిలవకండి, ఒక్కటీ రాదు. అజాన్‌కి గంట ముందే ఎక్కడో ఒకచోట కూర్చుని ఉండాలి. ఐదో రోజు మేం అల్ హుస్సేన్ మసీదు పక్క సందులో దారి తప్పి తిరుగుతుంటే అజాన్‌కి ఐదు నిమిషాలే ఉంది. సందులో పొడుగ్గా బల్లలు వేసి ఉన్నాయి. దారినపోయే ఎవరికైనా పెట్టే ఉచిత భోజనం అది, మాయిదత్ అర్‌రహ్మాన్ అంటారు. ఒకాయన నాన్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. మేం ముస్లింలం కాదని చెప్పబోయాను. ఆయన తల ఊపి నాక్కూడా కుర్చీ జరిపాడు. మేం మాంసం తినం అని సైగ చేస్తే, పళ్ళెంలోంచి కోడి ముక్క తీసేసి అన్నం, చిక్కుడు గింజల కూర, రొట్టె పెట్టారు. ఎవరూ ముద్ద ముట్టలేదు. పళ్ళేల ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని అందరూ మసీదు వైపు చూస్తున్నారు. నాన్న కూడా, షుగర్ సంగతి మర్చిపోయి, ఖర్జూరం చేతిలో పట్టుకుని వాళ్ళతోపాటు ఎదురుచూశారు.