మూడేళ్లు వాడిన స్పైక్ షూస్: దూరం పెరగలేదు, తప్పు దొరికింది

గోల్ఫ్ షూస్ అంటే డబ్బున్నవాళ్ల షోకు అనుకునేవాణ్ని. మొదటి ఏడాదంతా వాకింగ్‌కి వేసుకునే రన్నింగ్ షూస్‌తోనే ఆడాను. వాటి అడుగు దిండులా మెత్తగా ఉంటుంది కదా, నడకకు హాయి, కానీ బంతిని కొట్టే కర్ర, అదే క్లబ్, వెనక్కి తిప్పగానే కుడి పాదం బయటి అంచు మీదకు ఒరిగిపోయేది, అక్కడి నుంచి ఎడమ కాలి మీదకు వచ్చే టైమే ఉండేది కాదు, బంతికి ముందే నేల తవ్వేసేవాణ్ని. చివరికి 2022లో 8 వేలు పోసి ప్లాస్టిక్ స్పైకులు బిగించుకునే జత కొన్నాను.

మొదటి రెండు నెలలు పెద్ద తేడా లేదు. జారడం తగ్గింది, అంతే. గోల్కొండలో నయా ఖిల్లా దగ్గరి గోల్ఫ్ కోర్సులో పొద్దున్నే మంచు పట్టిన గడ్డి మీద అదీ తక్కువేం కాదు, కానీ బంతి మాత్రం ఎప్పట్లాగే కుడివైపు పొదల్లోకి.

అసలు సంగతి స్పైకులు మార్చే రోజు బయటపడింది. బోర్లించి చూస్తే కుడి షూకి చిటికెనవేలు వైపు ఉన్న రెండూ బొత్తాముల్లా నున్నగా అరిగిపోయాయి, ఎడమ షూవి దాదాపు కొత్తవే. నడకకైతే రెండూ ఒకేలా అరగాలి. అంటే బరువు కుడి కాలి బయటకు పోయి అక్కడే తిష్ట వేస్తోంది. "కుడి మడమ లేస్తలేదు సార్" అని నా క్లబ్బుల సంచి మోసే కేడీ ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నాడు, నేనే వినలేదు.

కుడిచేతి వాటం వాళ్లకి వెనక్కి తిప్పినప్పుడు బరువు కుడి పాదం లోపలి వైపు నిలవాలి, చేతులు దిగకముందే ఎడమ కాలి మీదకు రావడం మొదలవ్వాలి, చివర్లో కుడి కాలి మునివేళ్లే నేలకు ఆనాలి. చెప్పడం తేలికే. నాకు పట్టుబడింది మాత్రం చిన్నప్పుడు మామిడికాయలకి రాళ్లు విసరడం గుర్తొచ్చాకే. ఎవరూ నేర్పకుండానే ఎడమ కాలు ముందు పడేది, చెయ్యి తర్వాత వచ్చేది. అందుకే రెండు పాదాలు దగ్గర పెట్టి, సెవెన్ ఐరన్ అనే క్లబ్‌తో, క్లబ్ పైకి చేరుతుండగానే ఎడమ అడుగు వేసి కొట్టడం మొదలుపెట్టాను. సగం వేగంతో, రోజుకు 20 బంతులు. కాళ్లు కదపొద్దని పక్కనుంచి సలహాలు వస్తాయి, పట్టించుకోకండి. అమెరికా గోల్ఫర్ జాక్ నిక్లాస్ ఎడమ మడమ లేపి, దాన్ని నేలకు దించుతూ క్లబ్ కిందికి తెచ్చేవాడు, మేజర్లనే అతి పెద్ద టోర్నీలు 18 గెలిచాడు.

రెండో సెట్ స్పైకులు ఎడమ షూ బయటి వైపు అరిగాయి. ఇంత సంతోషంగా వస్తువు పాడవడం ఎప్పుడూ చూడలేదు!

లోపాలూ ఉన్నాయి. వాటర్‌ప్రూఫ్ అన్నది రెండో వానాకాలానికే పోయింది, అడిగితే వారంటీ ఏడాదే అన్నారు. వానల్లో ఎర్రమట్టి స్పైకుల మధ్య గట్టిపడితే వాటిని విప్పడం నరకం, ఆడిన రోజే పాత టూత్‌బ్రష్‌తో కడిగేయాలి. సిమెంట్ మీద అస్సలు నడవకండి. దూరం కోసమైతే కొనకండి, నాకు పది గజాలు కూడా పెరగలేదు, నేల తవ్వడం మాత్రం బాగా తగ్గింది.

మొన్న కుడి షూ ముందు భాగం చిరిగితే మెహదీపట్నంలో కుట్టించాను. కుట్టే ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "ఒక్క బూటే గిట్ల ఎట్ల చినిగింది సార్, కుడి కాలు ఈడ్చుకుంట నడుస్తరా?" అన్నాడు.